పంచదార అందని చోటు

నేను చేసే సరుకు సాయంత్రానికి ఉండదు. పొద్దున్నే చేస్తాను. రెండు గంటలు తిరిగేసరికి దాని బలం సగానికి పడిపోతుంది, రాత్రికి సీసాలో మిగిలేది ఉప్పునీళ్ళ లెక్కే. ఖిదిర్‌పూర్‌లో మా లైను ఇళ్ళ ఆడవాళ్ళు ఇంత చదివి ఏం తయారు చేస్తావే అని అడిగితే చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు. రేడియో మందులంటే వాళ్ళకు అర్థమైంది బాంబులు. కడుపుతో ఉన్నవాళ్ళు నన్ను చూసి గోడవారకు తప్పుకుంటారు.

నిజానికి నేను చేసేది ఒకరకం పంచదార. దానికి కాసింత రేడియోధార్మికత తగిలిస్తాను. నరంలోకి ఎక్కిస్తే మెదడు దాన్ని ఆకలిగా లాక్కుంటుంది. ఏ మూల తింటోందో, ఏ మూల తినడం మానేసిందో స్కానర్ బొమ్మ తీసి చూపిస్తుంది. షరతు ఒక్కటే, మనిషి పరగడుపున రావాలి. ఒంట్లో వేరే పంచదార ఉంటే మెదడు మా సరుకు మొహం చూడదు.

మా అయ్య సూరన్న కార్పొరేషన్ డ్రైనేజీలో పనిచేసి రిటైరయ్యాడు. నిరుడు సొంత సందు మర్చిపోయి, పక్క పేట మెటియాబ్రుజ్‌లో ఒక దర్జీ కొట్టు ముందు కూర్చుని దొరికాడు. వయసు మరుపే అన్నాడొక డాక్టరు, కాదు రోగం అన్నాడు ఇంకొకాయన. రోగమైతే మందు వెంటనే మొదలుపెట్టాలి. అది తేల్చేది మా స్కానే. మా పరిశోధనలో ఒక చోటు ఖాళీ ఉంటే, మా పెద్దసారు అభిజిత్‌దా అయ్యను చేర్చుకున్నారు.

అక్కడితో నోరు మూసుకుంటే పోయేది. నా బుద్ధి గడ్డి తిని, మా అమ్మ అప్పమ్మను కూర్చోబెట్టి మొత్తం పాఠం చెప్పాను. మెదడుకు ఆకలి, దాని తిండి పంచదార, ఈ రెండు ముక్కలూ అమ్మకు తెగ నచ్చాయి. ఏమీ తినిపించకు అని కూడా చెప్పాను. అమ్మ మాట తప్పలేదు. ఆ పొద్దున్న అయ్యకు చాయ్ కూడా ఇవ్వలేదు. కానీ గడప దాటేముందు నోట్లో పెరుగూ పంచదారా పెట్టింది. మా ఇంట్లో ఎవరు ఏ మంచి పనికి వెళ్ళినా పెడుతుంది. అది తిండి కిందికి రాదు, శకునం కిందికి వస్తుంది. పైగా ఇది మెదడు పని కదా అని, చెంచాతో ఆగక గిన్నెడు పెట్టింది.

వేలు గుచ్చి చూస్తే షుగరు ఆకాశంలో ఉంది. స్కాన్ రద్దు. చీకటితో లేచి చేసిన నా మందు బూడిదలో పోసిన పన్నీరైంది. అందరిముందూ అమ్మ మీద అరిచాను. ఆవిడ బెదరలేదు.

"ఒలే, నువ్వు సూదితో ఎక్కిత్తే మందా? నాను సెంచాతో ఎడితే తప్పా?"

అభిజిత్‌దా మాత్రం రూలు అందరికీ ఒకటే అన్నారు. వంతు తప్పినవాళ్ళు వరసలో చివరికి వెళ్ళాలి. పరిశోధన త్వరలో ముగుస్తోంది కాబట్టి చివరంటే లేనట్టే.

మర్నాటి నుంచి అమ్మకు పట్టుదల పట్టుకుంది. నేను ల్యాబు నుంచి ఫోన్ చేసి ఇవాళ స్కానుకు పిలవలేదు, పెట్టు అనేదాకా అయ్యకు పచ్చి మంచినీళ్ళే. ఇక పిలవరమ్మా అన్నా వినదు. ఆకలేస్తోందని అయ్య అడిగితే, ఇప్పుడే తిన్నావు కదా అంటుందట. ఆయన నమ్మేస్తాడట.

భవానీపూర్‌లో ఉండే భానుమూర్తిగారు బ్యాంకులో పెద్ద ఆఫీసరుగా చేసి దిగిపోయినాయన. ఆయనదీ మరుపే, మా పరిశోధనలోనే చేరారు. మా అమ్మ గిన్నె కథ వెయిటింగ్ రూములో విని ఆయన భార్య శారదగారు జాలిగా నవ్వారు. చదువు లేనివాళ్ళతో ఇదేనమ్మా చిక్కు అన్నారు. ఆయన వంతు రోజు నా మందు సిద్ధంగా ఉంది. వేలు గుచ్చారు. షుగరు అక్కడే, ఆకాశంలోనే ఉంది.

"అబ్బే, ఏమీ తినలేదండీ," అన్నారు శారదగారు. "బయల్దేరేటప్పుడు కాస్త పెరుగూ పంచదారా, అంతే."

కోపం రావాలి. రాలేదు సరికదా, ఆవిడ కాళ్ళకు దండం పెట్టాలనిపించింది. అభిజిత్‌దా రూలు విషయంలో ఎంత కఠినమో, మందు పారబోయడానికి అంత బాధపడే మనిషి. తిననివాళ్ళెవరైనా దగ్గర్లో ఉన్నారా అని అడిగారు. నేనప్పటికే అమ్మకు ఫోన్ కలిపేశాను. అయ్య ఏమైనా తిన్నాడా అంటే, నువ్వు చెప్పందే నేనెలా పెడతానే అని కసిరింది.

ఖిదిర్‌పూర్ లారీల మధ్య టాక్సీ ఎలా వచ్చిందో అమ్మకే తెలియాలి. సీసాలో బలం తగ్గిపోతుంటే నేను గేటు దగ్గర నిలబడి దేవుళ్ళందరినీ తిట్టుకున్నాను. అమ్మ దిగుతూనే రెండు అరచేతులూ చాపి నాకు చూపించింది, ఖాళీ అన్నట్టు. అయ్య నన్ను చూసి, ఏ ఆఫీసమ్మా ఇది అని మర్యాదగా అడిగాడు. మాస్కులో ఉన్నాను కదా, అందుకే పోల్చలేదు అనుకున్నాను.

మందు సరిపోయింది. బొమ్మ శుభ్రంగా వచ్చింది. నా చేతి సరుకు అంత బాగా పనిచేయడం నేనెన్నడూ చూడలేదు. అన్ని మూలలకూ వెళ్ళింది, చెవుల వెనక తప్ప. అక్కడ రెండు పక్కలా చీకటే. రోగమేనని అభిజిత్‌దా చెప్పినప్పుడు, మందు బాగా కుదిరిందని కూడా మెచ్చుకున్నారు. థాంక్యూ సర్ అన్నాను.

ఇంటికొచ్చాక బొమ్మలో ఏముందని అడిగింది అమ్మ. ఈసారి పాఠం చెప్పలేదు. అయ్య చెవుల వెనక రెండు చేతులూ ఆనించి, ఇక్కడికి అందడం లేదమ్మా అన్నాను. అమ్మ ఆ చోటు వైపు కాసేపు చూసి, లేచి వెళ్ళి పెరుగు గిన్నె తెచ్చింది.

"ఇప్పుడెట్టొచ్చా?" అని అడిగింది.

"పెట్టమ్మా."

అయ్య బుద్ధిగా నోరు తెరిచాడు. పంచదార నాలిక్కి తగలగానే లేచి నిలబడి, చొక్కా గుండీలు సర్దుకుని, చెప్పుల కోసం చూశాడు.

"ఎక్కడికెల్లాలే, అప్పమ్మా?"

"ఎక్కడికీ ఎల్లొద్దు," అంది అమ్మ. "కూకో."