గుడ్లకు ముందు సీటు

బావ కారు వస్తోందంటే రిపేరు షెడ్డులోకి ముందు నల్లపొగ వచ్చేది, తర్వాత పెట్రోలు కంపు, ఆ వెనక బావ నోరు.

"ఇదిగో, నీ వైద్యం వికటించిందయ్యా బావమరిదీ! పొద్దున ట్యాంకు నింపితే సాయంత్రానికి ముల్లు నేల చూస్తోంది. ఇది కారా, తాగుబోతా?"

మేస్త్రి స్పానరు అందుకున్నాడు. ఈ కారు ఇలా రావడం మూడోసారి. మొదటిసారి గాలి ఫిల్టరు మార్చాడు. రెండోసారి ప్లగ్గులు శుభ్రం చేసి, పొగగొట్టంలో ఉండే సెన్సారు కొత్తది వేశాడు. రెండుసార్లూ "ఇక చూడు బావా, గుర్రంలా పోతుంది" అన్నాడు. గుర్రం మాట దేవుడెరుగు, మళ్ళీ మొండి గాడిదలా వచ్చి గుమ్మంలో నిలబడింది.

ప్లగ్గు విప్పి చూశాడు. పెనం అడుగున పట్టినట్టు మసి. ఇంజనుకి గాలి తక్కువా పెట్రోలు ఎక్కువా పోతోందని కొత్తగా పని నేర్చుకునేవాడైనా చెబుతాడు. ఎందుకు పోతోందన్నదే ఇతగాడికి అంతుపట్టలేదు.

"సరేగానీ, మీ అక్క సంగతి విన్నావా?" బావ స్టూలు మీద చతికిలపడ్డాడు. "నిన్న మళ్ళీ కుట్టుమిషను మీదే వాలిపోయిందట. సూపర్‌వైజరు ఖరాఖండిగా చెప్పేశాడు. ఇంకోసారి ఇలా చేస్తే ఇక పనికి రావద్దన్నాడు."

"డాక్టరేమన్నాడు?"

"బలానికి మాత్రలిచ్చాడు. అసలు రోగముంటే కదా! సెలవురోజు శుభ్రంగా ఉంటుంది. పనికెళ్ళే రోజే తలనొప్పి, పనికెళ్ళే రోజే వాంతులు. నాటకం కాకపోతే ఏంటయ్యా అది?"

మేస్త్రికి నవ్వు రావాల్సింది. కిందటి వారం వచ్చింది కూడా. ఇదే స్టూలు మీద అక్క తల పట్టుకుని కూర్చుని, "ఒరేయ్ తమ్ముడూ, నీకైనా చెబుతున్నా, నా ఒళ్ళు నా వశంలో ఉండట్లేదురా" అంటే, "చిన్నప్పుడు బడికి పొమ్మంటే కడుపునొప్పి, ఇప్పుడు పనికి పొమ్మంటే తలనొప్పా?" అని పకపకా నవ్వాడు. నిజానికి కడుపునొప్పి నటించి బడి మానేసింది అక్క కాదు, తనే. ఆ మాట అక్క అనలేదు. లేచి వెళ్ళిపోయింది.

"పద, ఒక చుట్టు తిప్పి చూద్దాం" అన్నాడు మేస్త్రి, ముందు తలుపు తీస్తూ.

"ఆగాగు! అక్కడ గుడ్లున్నాయి."

ముందు సీటు నిండా గుడ్ల అట్టలు, వాటికి అడ్డంగా బెల్టు. బావది గుడ్ల వ్యాపారం. పొద్దున్నే ఫారంలో సరుకెత్తుకుని, ఊరికి ఆ చివరనున్న ఫ్యాక్టరీ దగ్గర పెళ్ళాన్ని దింపి, అక్కణ్ణుంచి హోటళ్ళన్నీ తిరుగుతాడు. పెళ్ళానిది వెనక సీటు. "గుడ్డు పగిలితే అతకదు, మీ అక్కదేముంది, గట్టి పిండం" అని నలుగురిలో అనడం ఆయనకి సరదా.

మేస్త్రి గొణుక్కుంటూ వెనక సీట్లో దూరాడు. కిటికీ అద్దం దించబోతే పిడి ఊడి చేతికొచ్చింది.

"అది ఎప్పుడో పోయిందిలే" అన్నాడు బావ. తను మాత్రం తన వైపు అద్దం పూర్తిగా దించి, మోచెయ్యి బయటపెట్టి, దొరలా నడపసాగాడు.

వెనక, సామాన్ల తలుపు సరిగ్గా పడక తీగతో కట్టి ఉంది. దాని రబ్బరు ఎలుక కొరికిన రొట్టెలా ఉంది. సందులోంచి రోడ్డు కనబడుతోంది. బావ గుడ్ల రేటు గురించి, బేకరీవాడి పిసినారితనం గురించి ఏకధాటిగా చెబుతున్నాడు. ఫ్యాక్టరీ దారంతా వెళ్ళి తిరుగుముఖం పట్టేసరికి ఆ మాటలు ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టున్నాయి. మేస్త్రి కణతలు అదురుతున్నాయి. కడుపులో తిప్పుతోంది. ఎండదెబ్బేమో అనుకున్నాడు. బయట ఎండే లేదు.

షెడ్డు ముందు దిగి, గోడ పట్టుకుని భళ్ళున వాంతి చేసుకున్నాడు.

"ఏంటయ్యా, మీ ఇంటిల్లిపాదికీ ఇదే జబ్బా?" బావ నవ్వాడు.

మేస్త్రి మూతి తుడుచుకుంటూ ఆ కారునే చూశాడు. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడిపితే ప్రాణం పోతుందని, అది కంటికి కనబడే విషం కాదని, తనకి పని నేర్పిన పెద్దమేస్త్రి తిట్టి తిట్టి చెప్పేవాడు. తలుపులు మూసిన షెడ్డుకి చక్రాలు తగిలించి, అందులో అక్కని రోజూ కూర్చోబెడుతున్నాం. సెలవురోజు అక్క కారెక్కదు.

గబగబా బానెట్ ఎత్తాడు. రేడియేటర్‌కి వెళ్ళే పై గొట్టాన్ని పట్టుకోబోయి, కాలుతుందని అలవాటుగా చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. మళ్ళీ పట్టుకున్నాడు. కాలలేదు. అంత దూరం తిరిగొచ్చిన ఇంజను గొట్టం పసిపిల్లల స్నానానికి తోడిన నీళ్ళలా గోరువెచ్చగా ఉంది.

"ఇంజను వేడి చూపే ముల్లు ఎక్కడిదాకా లేస్తుంది బావా?"

"కిందే పడుకుంటుంది. ఆ మాటకొస్తే ఇంత చల్లటి ఇంజను ఈ చుట్టుపక్కల లేదు" అన్నాడు బావ గర్వంగా. "నువ్వే కదా, అందులో ఏదో తీసి పారేశావు!"

మేస్త్రి చేతిలో స్పానరు ఆగిపోయింది.

ఇంజను వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపే చిన్న వాల్వు ఒకటుంటుంది. థర్మోస్టాట్. కారు వేడెక్కుతోందని ఎవరొచ్చినా ముందు దాన్ని పీకెయ్యమని పెద్దమేస్త్రి నేర్పాడు. దాంతో గిరాకీ మళ్ళీ ఆ మాట ఎత్తడు, మేస్త్రికి మంచి పేరు. కిందటి ఎండాకాలం బావ కారుకీ అదే వైద్యం. వాల్వు లేని ఇంజను ఎంత నడిచినా పూర్తిగా వేడెక్కదు. చలికి వణుకుతోందనుకుని కారులోని కంప్యూటరు దానికి పెట్రోలు తాగిస్తూనే ఉంటుంది. కాలీకాలని ఆ పెట్రోలే పొగై, తీగ కట్టిన తలుపు సందులోంచి అక్క ఊపిరిలోకి పోతోంది.

మూలనున్న రేకు డబ్బాని నేలమీద బోర్లించాడు. పీకేసిన వాల్వులన్నీ గలగలా పడ్డాయి. ఆ కారుకి సరిపోయేవి ఏరి, టీ గిన్నెలో నీళ్ళు మరిగించి అందులో వేశాడు. ఒకటి మొండికేసింది. ఇంకొకటి నెమ్మదిగా నోరు తెరిచింది. దాన్ని బిగించి, నీళ్ళు నింపి, ఇంజను నడిపాడు. ముల్లు లేచింది. సగం దాకా వచ్చి నిలబడింది.

"అయ్యయ్యో, వేడెక్కిపోతోంది! తియ్యి, తియ్యి!"

"అక్కడే ఉండాలి."

"తియ్యమన్నదీ నువ్వే, ఉండాలన్నదీ నువ్వేనా?"

"నేనే. నాకు బుద్ధి లేక తీశాను." మేస్త్రి గొంతు పెరిగింది. "అక్కది నాటకం కాదు బావా. మనమిద్దరం కలిసి తనకి రోజూ పొగ పెట్టాం. ఆ తలుపుకి కొత్త రబ్బరు వేస్తాను. వేసినా సరే, రేపట్నుంచి అక్క ముందు కూర్చుంటుంది."

"మరి గుడ్లు?" అనేశాడు బావ. అన్న తర్వాత ఆ మాట ఆయనకే నచ్చనట్టుంది. మెల్లగా ముందు తలుపు తీసి, బెల్టు విప్పి, అట్టలు ఒక్కొక్కటే వెనక్కి మోయడం మొదలుపెట్టాడు.

సాయంత్రం మేస్త్రి వెళ్ళేసరికి అక్క నుదుటికి తడిగుడ్డ కట్టుకుని పడుకుని ఉంది. అంతా చెప్పాడు. తిడుతుందని చూశాడు. తిట్టినా బాగుండేది.

"అయితే నొప్పి నిజమేనన్నమాట" అంది.

"సూపర్‌వైజరుతో నేనొచ్చి మాట్లాడతానక్కా."

"నువ్వొచ్చి ఏం చెబుతావురా? కారు విషం పెట్టిందంటే వాడు నమ్ముతాడా? కడుపున పుట్టినవాడిలా పెంచాను, నువ్వే నమ్మలేదు." గోడ వైపు తిరిగి పడుకుంది. "రేపు మిషను మీద పడకుండా ఉంటే అదే చాలు. వెళ్ళు."

మర్నాడు మేస్త్రికి ఏ పనీ చేతికి రాలేదు. మధ్యాహ్నం భోజనాల వేళకి ఫోను మోగింది. వెనక మిషన్ల రొద.

"తల నొప్పి లేదు. పని చేస్తున్నాను" అంది అక్క. అంతే, పెట్టేసింది. ఆ గొంతులో సంతోషం వెతికాడు గానీ దొరకలేదు.

వాల్వులు ఇంకా నేలమీదే ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసి ఏ కారుదో గుర్తు చేసుకోబోయాడు. ఒక్కదాని యజమాని మొహమూ గుర్తు రాలేదు. ఈలోగా గుమ్మంలో హారను మోగింది. పాత గిరాకీ, పెద్ద కుటుంబం గలవాడు, అద్దం దించి తల బయటపెట్టాడు.

"మేస్త్రీ, ఎండలు వస్తున్నాయి. మా తమ్ముడి బండిలో ఏదో పీకేశావట, ఇక వేడెక్కడమే లేదంటున్నాడు. నాదీ పీకెయ్యి."

మేస్త్రి లేచి కారు దగ్గరకు వెళ్ళాడు. బానెట్ ముట్టుకోలేదు. వెనక అద్దానికి చెయ్యి అడ్డం పెట్టి లోపలికి తొంగిచూశాడు.

"మీ తమ్ముడి బండిలో వెనక సీట్లో ఎవరు కూర్చుంటారండీ?" అన్నాడు.