మారిట్ పేరు మీద వందకి వంద

మా కాలేజీలో కొత్తగా చేరిన ప్రతి ఒక్కరూ మద్యం గురించి ఒక పాఠం పూర్తి చేయాలి. కంప్యూటర్ ముందు రెండున్నర గంటలు కూర్చుని వీడియోలు చూసి, చివర ఇరవై ప్రశ్నలకు జవాబులు పెట్టాలి. సెప్టెంబరు పదిహేను లోపు అది పూర్తికాకపోతే వచ్చే టర్ముకి క్లాసులు ఎంచుకోనివ్వరు. అంత పట్టుబట్టి పెట్టిన పాఠాన్ని చూసే మహానుభావుడు మాత్రం ఒక్కడూ ఉండడు. శబ్దం తీసేసి, పక్కన ఫోన్లో ఇంకేదో చూసుకుంటూ, మధ్యమధ్యలో 'తర్వాత' అన్న బటన్ నొక్కుతూ పోతారు. మొదటి ఏడు నేనూ అలాగే చేశాను.

మూడో ఏడు వచ్చేసరికి నేను హాస్టల్ మూడో అంతస్తుకి ఆర్ఏనయ్యాను. అంటే కొత్త పిల్లల మధ్యే ఒక గదిలో ఉండి, వాళ్ళ మంచీ చెడూ కనిపెట్టుకునే సీనియర్ని. గది, భోజనం ఉచితం. బదులుగా ముప్పై నాలుగు మంది ఆడపిల్లల గొడవలన్నీ నా నెత్తిన. ఆర్ఏలం ఆ పాఠం ఏటా మళ్ళీ చేయాలి గనక ప్రశ్నలన్నీ నాకు నోటికొచ్చేశాయి.

ఆ ఏడు ఆఫీసు వాళ్ళకో ఆలోచన వచ్చింది. ఏ అంతస్తు వాళ్ళందరూ ముందు పాఠం పూర్తి చేస్తే వాళ్ళకి పిజ్జా విందు, ఆ ఆర్ఏ ఫొటో కింద హాల్లో గోడ మీద. నా కన్ను ఆ గోడ మీద పడింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, పిజ్జా మీద కాదు, గోడ మీదే. రాత్రనక పగలనక తలుపులు తట్టి, బతిమాలి, బెదిరించి ముప్పై మూడు మందితో చేయించాను. మారిట్ ఒక్కతే మిగిలింది.

మారిట్ టోర్గర్సన్ పాడి రైతు కూతురు. మా విస్కాన్సిన్ రాష్ట్రంలోనే ఉత్తరాన ఎక్కడో, ఇంటర్నెట్ సరిగా అందని ఊరు. తండ్రి చుక్క ముట్టడు, ఇంట్లో సీసా ఉండదు. మా రాష్ట్రంలో అలాంటి ఇల్లు వెతికినా దొరకదు, ఇక్కడ శుక్రవారం చేపల భోజనానికి వెళ్తే తాతలు సైతం బ్రాందీతో మొదలుపెడతారు. ఆ పిల్ల ఇంటి దగ్గర రెండుసార్లు పాఠం మొదలుపెడితే నాలుగో వీడియో దగ్గరే ఆగిపోయిందట. ఇక్కడికొచ్చాక కెమిస్ట్రీలో వెనకబడి, లైబ్రరీలోనే కాపురం పెట్టింది. నేను వెళ్ళి గుమ్మంలో నిలబడితే కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుంది.

"నేను తాగనే తాగను కదా గ్రెచెన్, నాకెందుకిది?" అంది.

నాకూ అది సబబుగానే తోచింది. తాగని పిల్లకి తాగుడు పాఠమేమిటి? పాస్‌వర్డు చీటీ మీద రాసిమ్మన్నాను. నా గదిలో కూర్చుని, వీడియోలన్నీ దాటేసే కిటుకు తెలుసు గనక దాటేసి, పందొమ్మిది నిమిషాల్లో పూర్తి చేశాను. వందకి వంద. ఆ సాయంత్రమే పిజ్జాలొచ్చాయి. మారిట్ నన్ను కావలించుకుని, నా రుణం తీర్చుకోలేనంది. నేను మహారాణిలా తల ఊపాను.

అక్టోబరులో హోమ్‌కమింగ్ ఆట రోజు వచ్చింది, పాత విద్యార్థులంతా తిరిగొచ్చే ఫుట్‌బాల్ పండగ. మా దగ్గర ఆ శనివారం పొద్దున ఎనిమిదింటికే స్టేడియం పక్క ఖాళీ స్థలంలో కార్ల వెనక తలుపులు తెరుచుకుంటాయి, సాసేజీలు కాలుస్తుంటారు, తాగడం మొదలవుతుంది. దానికి వారం ముందే నేను నా తలుపు మీద పెద్ద కాగితం అంటించాను. 'ఈ అంతస్తులో తాగి దొరికితే రిపోర్టు రాస్తాను. తాగిన వాళ్ళ మీదే కాదు, గదిలో ఉన్నవాళ్ళందరి మీదా. కారణాలు వినను' అని ఎర్ర అక్షరాలతో. గోడ మీద ఫొటో పడ్డ మనిషిని కదా, మరి ఆ మాత్రం దర్పం ఉండొద్దూ.

ఆ రోజు నేను ఆటకి వెళ్ళలేదు. సోమవారానికి ఇవ్వాల్సిన వ్యాసం ఉంది. చెవుల్లో పాట పెట్టుకుని రాసుకుంటున్నాను. రెండు గంటలప్పుడు నా తలుపు కింది సందులో ఎవరివో రెండు పాదాల నీడ కనబడింది. నా దగ్గరుండే వాక్యూమ్ క్లీనర్ కోసం ఎవరో వచ్చి ఉంటారు, కావలసినవాళ్ళు తలుపు తడతారులే అనుకున్నాను. కాసేపు నిలబడి ఆ నీడ వెళ్ళిపోయింది. నేను లేవలేదు. ఆ 'లేవలేదు' అన్న మాట ఇప్పటికీ నన్ను తినేస్తోంది.

నాలుగు గంటలకు మారిట్ కేక వినబడింది. పరుగెత్తాను. మారిట్‌తో గది పంచుకునే పైపర్ మంచం మీద వెల్లకిలా పడి ఉంది. పెదవులు నీలంగా మారాయి. వాంతి గొంతుకడ్డం పడింది. మంచం పక్కన కాఫీ కప్పు, తడి తువ్వాలు. పైపర్‌ని పన్నెండింటికి స్నేహితులు మోసుకొచ్చి పడేసి, "పడుకుంటే మత్తు అదే దిగుతుంది" అని చెప్పి ఆటకి వెళ్ళిపోయారట. మారిట్ చల్లటి నీళ్ళతో మొహం తుడిచింది. కాఫీ తాగించబోయింది. తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి, దుప్పటి కప్పి, పక్కన కుర్చీ వేసుకుని నాలుగు గంటలపాటు కాపలా కూర్చుంది. పాపం, తనకు తెలిసిన ప్రేమంతా చూపించింది. చేసిన ప్రతి పనీ ఆ పాఠంలో చేయొద్దని చెప్పిందే.

నేను పైపర్‌ని పక్కకి తిప్పాను, నోరు శుభ్రం చేశాను, అంబులెన్సు పిలిచాను. నా చేతులకి అన్నీ తెలుసు, చూశారా. పైపర్ బతికింది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికెళ్ళింది. కానీ ఇప్పుడు ఏదైనా రెండుసార్లు చెబితే గానీ ఆ పిల్లకి గుర్తుండదట. నర్సు కావాలని చేరిన పిల్ల.

రెండు వారాలకి విచారణ. డీన్ మిసెస్ ఓస్ట్రాండర్ చెడ్డ మనిషేమీ కాదు. బల్ల మీద ఒక కాగితం మారిట్ వైపు జరిపింది. పాఠం పూర్తి చేసినట్టు సర్టిఫికెట్, వందకి వంద.

"ఏం చేయాలో నీకు బాగా తెలుసమ్మా. ఈ అంతస్తులో నీకంటే ఎక్కువ మార్కులు వచ్చినవాళ్ళే లేరు. తెలిసి కూడా నాలుగు గంటలు ఎందుకు కూర్చున్నావు?" అంది.

నేను అక్కడే, ఆర్ఏ హోదాలో, పక్క కుర్చీలో ఉన్నాను. మారిట్ ఒక్కసారి నా వైపు చూసింది. ఇప్పుడు చెబుతుంది, చెప్పాలి కూడా అనుకున్నాను. చెప్పకపోతే బావుండునని కూడా అనుకున్నాను, దాచడం దేనికి.

"భయమేసింది మేడమ్" అంది మారిట్. అంతే.

నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. తెలిసీ సాయానికి ఎవరినీ పిలవలేదు గనక మారిట్‌ని వచ్చే ఏడాది దాకా కాలేజీ నుంచి పంపేస్తున్నామన్నారు. ఆ మాట చదువుతున్నంతసేపూ నేను నా గోళ్ళు చూసుకుంటున్నాను.

తర్వాత నిజం చెప్పాను. విచారణ అయ్యాక వచ్చిన సోమవారమే డీన్ ఆఫీసు తలుపులు తెరవకముందే వెళ్ళి మెట్ల మీద కూర్చుని, ఆమె రాగానే మొత్తం కక్కేశాను. ఆమె కంప్యూటర్లో వెతికి, "పందొమ్మిది నిమిషాలు" అని పైకి చదివింది. నా ఉద్యోగం పోయింది, గది పోయింది, గోడ మీద ఫొటో పోయింది. పోవాల్సినవే. మారిట్ శిక్ష రద్దు చేసి ఉత్తరం రాశారు. మారిట్ తిరిగి రాలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఆకులేం చేస్తాయి? కానీ అవన్నీ సోమవారం సంగతులు. నాకు పడాల్సిన దెబ్బ దానికి రెండు రోజుల ముందే, శనివారం, ట్రక్కు దగ్గర పడింది.

మారిట్‌ని తీసుకెళ్ళడానికి వాళ్ళ నాన్న వచ్చాడు. పొద్దున పాలు పితికి, ఆ బూట్లతోనే నాలుగు గంటలు ట్రక్కు నడుపుకుంటూ వచ్చినట్టున్నాడు. టోపీ తీసి, ఒక సంచీ నా చేతిలో పెట్టాడు. వాళ్ళ పాలతో ముందురోజు చేసిన చీజ్ ముక్కలు.

"మా పిల్ల ఫోన్ చేసినప్పుడల్లా నీ గురించే చెప్పేదమ్మా. దానికెంతో సాయం చేశావట" అన్నాడు.

ఆ సంచీ అక్కడే పారేసి పారిపోదామనిపించింది. ఆయన మంచం దుప్పట్లు తేవడానికి పైకి వెళ్ళాడు. ట్రక్కు దగ్గర నేనూ మారిట్ మిగిలాం. సోమవారం వెళ్ళి నిజం చెప్పేస్తానని, తప్పంతా నాదేనని, ఆ రోజు విచారణలో నోరు పెగల్లేదని గబగబా చెప్పాను. క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదన్నాను. ఆ పిల్ల పెట్టెకి తాడు కట్టుకుంటూ వింది.

"ఆ రోజు నీ తలుపు దాకా వచ్చాను" అంది.

నాకు ఆ నీడ గుర్తొచ్చింది.

"రెండింటికి. తట్టడానికి చెయ్యి ఎత్తాను కూడా. కాగితం చదివాను. రిపోర్టు రాస్తే పైపర్‌ని నర్సింగ్‌లోంచి తీసేస్తారేమో అనుకున్నాను. నన్ను కూడా. అందుకే వెనక్కెళ్ళి కూర్చున్నాను."

మారిట్ తాడు ముడి బిగించి నా మొహంలోకి చూసింది. కోపం కూడా లేదు ఆ కళ్ళల్లో, నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది.

"ఒకటి చెప్పు గ్రెచెన్. ఆ పాఠంలో దీని గురించి ఏమైనా ఉందా? సాయం కోసం పిలిస్తే ఏమవుతుందని?"

అబద్ధం చెప్పేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. ఆ పిల్ల మీద దయతోనే అనుకుంటాను. కానీ నా అబద్ధం ఒకటి ఇప్పటికే దాని నెత్తిన కూర్చుని ఉంది.

"ఉంది" అన్నాను. "పదకొండో ప్రశ్న. పిలిచినవాళ్ళనీ ఏమీ అనరు, తాగినవాళ్ళనీ ఏమీ అనరు. ఎవరి మీదా రిపోర్టు ఉండదు. నీ పేరు మీద జవాబు సరిగ్గానే పెట్టాను."

మారిట్ తల ఊపింది. మెట్ల మీద వాళ్ళ నాన్న అడుగుల చప్పుడు వినబడింది. ఆ పిల్ల వెళ్ళి ట్రక్కులో ముందు సీట్లో కూర్చుని, తలుపు వేసుకుంది.