తెరుచుకోని మట్టిగూళ్ళు

కుంపెణీ పోయి రాణి ఏలుబడి వచ్చిన ఏడు మా పత్తిచేనికి పచ్చపురుగు పట్టింది. పొల్లాచ్చి సంతలో పాషాణం అనే విషం కొని, నీళ్ళలో కలిపి, వేపమండలతో చేనంతా చిలకరించాను. ఆకు తిన్న పురుగు ఒకటి రెండు రోజులు మందకొడిగా వేలాడి, ఆపైన రాలిపోయేది.

ఆ నెలలోనే మా పడకింటి గోడకు కుళవి గూడు కట్టింది. నడుము సన్నని కందిరీగను మేము కుళవి అంటాము. గర్భిణి ఉన్న ఇంట అది మట్టిగూడు కడితే ఎవరూ ముట్టరు. పిల్లకుళవి గూటికి కన్నం చేసుకుని వెలికి వస్తే, కడుపులోని బిడ్డ కూడా క్షేమంగా వెలికి వస్తుందని నమ్మకం. నా భార్య పంకజవల్లికి అది మూడవ కడుపు. మొదటి రెండూ నిలవలేదు.

నేను గూటి జోలికి పోలేదు. ఆ పడకింట పొగ కూడా వేయనివ్వలేదు. అంతటితో నా ధర్మం తీరిందనుకున్నాను.

నెల దాటింది. గూడు తెరుచుకోలేదు. దాని పక్కన మరొకటి వెలిసింది, ఆపైన మరొకటి. గోడ పొడుగునా పదకొండు గూళ్ళు. ఒక్కదానికీ కన్నం లేదు. చేనిలో రెక్కల చప్పుడు అణగిపోయింది. పట్టపగలు సాళ్ళ మధ్య నడుస్తుంటే నా ఊపిరి మరెవరిదో అన్నట్టు వినబడేది.

"పదకొండు. అంతమందినీ నువ్వే కంటావా ఏమే?" అని మా అమ్మ తిరుమలమ్మాళ్ కోడలిని ఎగతాళి చేసింది.

"కంటా అత్తా. ఊయలలు మీరు ఊపాల." పంకజవల్లి నవ్వి, గూటికి చెవి ఆనించింది. నవ్వు ఆగింది. "లోపల ఏదీ మెదలడం లేదు."

మరునాడు ఆడవాళ్ళిద్దరూ బావికి పోయినప్పుడు, చివరి గూటిని విప్పాను. లోపల పచ్చపురుగులు వరుసగా పేర్చి ఉన్నాయి. నా చేనివే. తల్లికుళవి తన బిడ్డకు ఆహారంగా తెచ్చి పెట్టి, గూడు మూసి వెళ్ళిపోయింది. సగం తిన్న పురుగు పక్కన ఆ బిడ్డ నల్లగా ఎండి ఉంది. నేను గోడను కాపాడాను. నేను చల్లిన పాషాణాన్ని తల్లే మోసుకొచ్చింది.

ఆ మన్ను ఊడ్చి పారేశాను. తుమ్మముల్లుతో మిగిలిన పది గూళ్ళకూ కన్నాలు పొడిచాను.

"మామా, ఇట్ల రాండి." బావినుంచి వచ్చిన పంకజవల్లి ముఖం వెలిగి ఉంది. వేలితో ఒక కన్నం అంచు తడిమింది. ఆ వెలుగు మెల్లగా పోయింది.

"మన్ను కింద పడలేదు. లోపలికి పడుండాది."

"అయితే ఏమి?"

"లోపలినుంచి ఏదీ రాలేదు మామా. బయటినుంచి ఏదో లోపలికి పోయుండాది."

అది నేనే అని చెప్పవచ్చు. చెబితే, లోపల ఏమి చూశానో కూడా చెప్పాలి.

ఆమె రెండు చేతులూ కడుపు మీద అడ్డం పెట్టుకుని గోడకు దూరంగా జరిగింది. ఓదార్చబోయి చేయి చాచాను. ఆమె నా చేతిని చాలాసేపు చూసింది.

"మీ వేళ్ళకు మన్ను ఉండాది," అంది. "నన్ను ముట్టొద్దండి."