అన్న వైపు పాట

అన్న దినాలు అయిపోయిన మర్నాడు పాల క్యాన్లు కడిగి బోర్లించి, బర్రెల కొట్టం అరుగు మీద కూర్చున్నాను. అన్న ఫోనుకు ఇయర్‌ఫోన్ల వైరు గుచ్చి రెండు చెవుల్లోనూ పెట్టుకున్నాను. నలభై నాలుగేళ్ళొచ్చాయి, రెండు చెవులతో పాట వినడం నాకదే మొదటిసారి. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. రెండు చెవులూ మూసుకుని కూర్చునే తీరిక మా ఇళ్ళలో ఆడదానికి ఎప్పుడు దొరికింది గనక.

పెట్టింది బర్రె పాట. ఆ పేరు మేము పెట్టుకున్నదే. మొదట్లో ఒక గిటారు అచ్చం మా నల్లబర్రె ఈనే ముందు మూలిగినట్టు మూలుగుతుంది. ఆ పాటలో నాకు ప్రాణం దాని నడిమి మౌనం. పాడేవాడు గొంతు చించుకుని అరిచి టక్కున ఆగిపోతాడు. ఆ తర్వాత చాలాసేపు ఏమీ ఉండదు. ఆ ఏమీ లేకపోవడం కోసమే నేను ఆ పాట వినేదాన్ని. సరిగ్గా అప్పుడే అన్న కళ్ళు మూసుకుని తల ఊపేవాడు.

"ఏందన్నా, ఏం లేనప్పుడు ఊగుతవ్?" అంటే, "ఏం లేకపోవుడేంది? నీకు చెవులున్నయా?" అని నెత్తి మీద మొట్టేవాడు. ఒకరినొకరు పిచ్చివాళ్ళనుకుంటూ ఇన్నేళ్ళు గడిపేశాం.

ఆ రోజు తెలిసింది, అక్కడ మౌనం లేదని. ఎడమ చెవిలో ఇంకో గిటారు ఉంది. పాడేవాడు ఆగిన చోటే అందుకుని, వాడు మళ్ళీ మొదలుపెట్టేదాకా మోగుతూనే ఉంది. అన్న తల ఊపింది దానికే.

ఓహో అనుకున్నాను. అంతే. పాలలో నీళ్ళు కలిశాయో లేదో చూసినట్టు చూసి, ఫోను పక్కన పెట్టి, బర్రెలకు కుడితి పెట్టడానికి లేచాను.

మాది చార్మినార్ పక్క హుస్సేనీ ఆలంలో పాల వ్యాపారం చేసే ఇల్లు. ముందు గదిలో దుకాణం, వెనక కొట్టంలో బర్రెలు. అన్న గోవర్ధన్ పాలు పిండేవాడు. నేను, అమలను, దుకాణంలో కూర్చుని పాలూ పెరుగూ అమ్ముతాను. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళకు పెరుగు ధర చెప్పి పంపిస్తాను.

ఇలాంటి ఇంట్లోకి రాక్ పాటలు ఎలా వచ్చాయంటారా? అన్నకు బార్కస్‌లో ఒక దోస్తు ఉండేవాడు. వాళ్ళ మామ గల్ఫ్ నుంచి తెచ్చిన క్యాసెట్లను ఖాళీ క్యాసెట్లలోకి ఎక్కించి ఇచ్చేవాడు. అట్ట ఉండదు, పాడిన వాళ్ళ పేర్లు ఉండవు. అందుకని పేర్లు మేమే పెట్టుకున్నాం. బొంగురు గొంతాయన మాకు చుట్ట తాత. ఎప్పుడూ తిట్టినట్టే పాడేవాడు పిన్ని మొగుడు, ఎందుకంటే మా పిన్ని మొగుడు అలాగే మాట్లాడేవాడు. ఇంగ్లీషు మాకు అంతంత మాత్రమే. దేనికి అరుస్తున్నారో తెలియదు గానీ, అరవాల్సిన పని ఏదో ఉందని మాత్రం తెలిసేది. చుట్టూ ఎవరికీ మా గొడవ పట్టలేదు. చార్మినార్ దగ్గర గాజుల దుకాణాల ముందు నిలబడి కూడా నేను కాలితో పిన్ని మొగుడి దరువే వేసేదాన్ని.

వాక్‌మన్ ఒకటి, ఇయర్‌ఫోన్లు ఒక్క జత. ఎడమది అన్నకు, కుడిది నాకు. అరుగుకు ఎడమ పక్క బర్రెలుండేవి. తోక విసిరితే పేడ చిందేది అటే కాబట్టి అన్న అటు కూర్చుని నన్ను ఇటు కూర్చోబెట్టేవాడు. తర్వాత ఫోన్లొచ్చాయి, ఆ పాటలన్నీ అన్న వెతికి వెతికి ఫోనులో ఎక్కించుకున్నాడు, కానీ కూర్చునే తీరు మారలేదు. దుకాణంలో ఒక్కదాన్నే ఉన్నప్పుడూ నాకు కుడి చెవే అలవాటు. ఎడమ చెవి గిరాకీకి ఉండాలి. "బాజీ, ఆధా లీటర్ దేదో" అని ఎవరో ఒకరు అరలీటరు పాలకు వస్తూనే ఉంటారు.

పాతకాలపు పాటల్లో కొన్నిటిని సగం వాయిద్యాలు ఒక చెవికీ సగం ఇంకో చెవికీ పంచేసి రికార్డు చేసేవారట. అది మాకు తెలియదు. తెలియకుండానే అన్నీ సగం సగం విని, ఎవరి సగాన్ని వాళ్ళు పాట అనుకున్నాం. నాకు పాడేవాళ్ళంటే పిచ్చి. అన్న మాత్రం డ్రమ్ములాయన దేవుడనేవాడు. నా చెవికి ఆ డ్రమ్ములు గోడ అవతల ఎవరో మసాలా దంచుతున్నట్టు వినిపించేవి. దేవుడట దేవుడు అని వెక్కిరించేదాన్ని.

అన్న ఒక పొద్దున పాలు పిండుతూనే పోయాడు. బర్రె డొక్కకు తల ఆనించి కదలకుండా ఉంటే అలసిపోయాడనుకుని చాలాసేపు పిలవలేదు. బర్రె కూడా కదల్లేదు. డాక్టరు గుండె అన్నాడు. ఆ రోజు నుంచి నాకు ఏమీ అనిపించడం లేదు. కాలు తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదు చూడండి, ఒళ్ళంతా అలా ఉంది. "ఏడువు బిడ్డా, ఏడిస్తే బరువు దిగుతది," అని గల్లీ ఆడవాళ్ళంతా చెప్పి చూశారు. పక్కింటి పెద్దావిడ సబర్ కరో, ఓర్చుకో అని చెయ్యి పట్టుకుంది. ఏడవనిదానికి సబర్ ఎందుకో. నేను మాత్రం అందరికీ పాలు కొలిచి పోశాను.

పాటలైనా లోపలికి పోతాయేమో అనుకున్నాను. పోలేదు. నా సగం చచ్చిపోయి ఉంది, ఏది విన్నా గోడ వింటున్నట్టే. మిగిలింది అన్న సగం. అది నాకు కొత్త. అందుకే రోజుకొక పాట ఎడమ చెవితో వినడం మొదలుపెట్టాను. చుట్ట తాత పాటలో తాత ఒంటరిగా ఏడుస్తున్నాడనుకునేదాన్ని, ఎడమ పక్క ఇంకో మనిషి మెల్లగా వంత పాడుతున్నాడు. డ్రమ్ములాయన నిజంగానే దేవుడు. అది ఒప్పుకోవడానికి అన్న లేడు. ప్రతి పాటకూ ఓహో అనుకున్నాను, క్యాన్లు కడుక్కున్నాను.

చివరికి ఒక్క పాట మిగిలింది. చెప్పుల పాట. అది వింటుంటే చెప్పుల్లేకుండా చాలా దూరం నడిచినట్టు ఉంటుందని ఆ పేరు అన్నే పెట్టాడు. అన్నిట్లోకీ అన్నకు ఇష్టమైన పాట. నా చెవిలో ఆ పాట తొందరగా అయిపోయేది. నేను ఇయర్‌ఫోన్ తీసేస్తే, అన్న చెయ్యెత్తి "ఆగు" అని ఇంకా వింటూ ఉండేవాడు. అయిపోయిన పాటలో ఏం వింటాడు ఈ మనిషి అని నేను లేచి వెళ్ళిపోయేదాన్ని. ఇప్పుడు తెలుస్తూనే ఉంది, పాట అన్న వైపు ఇంకా నడిచేది.

ఆ పాటను నేను ముట్టుకోలేదు. అది కూడా విని ఓహో అనుకుంటే, ఇక అన్న నాకు చెప్పాల్సింది ఏమీ ఉండదు. అది విన్నా నాలో ఏమీ కదలకపోతే పాటలూ పోయినట్టే, నేనూ పోయినట్టే. రోజూ దాని మీద వేలు పెట్టి, తీసేసేదాన్ని.

ఒక మధ్యాహ్నం అన్న పిల్లలు బడిలో ఉన్న వేళ వదిన కొట్టంలోకి వచ్చింది. రాజమణి మా వదిన. మా ఇంటికి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. నాకూ ఆమెకూ గొడవల్లేవు, అలాగని మాటలూ లేవు.

"ఆ ఫోన్ ఇయ్యి అమలా. గ్యాస్‌కు, బ్యాంకుకు అన్నిటికి దాని మీదికే ఓటీపీలొస్తున్నయ్."

"ఓటీపీ వస్తే నేనే చెప్తలే వదినా."

"ఎన్ని రోజులు చెప్తవ్?"

నేను ఫోను ఒళ్ళోకి లాక్కున్నాను. ఆమె అది చూసింది. కోపం చెయ్యలేదు.

"నేను ఛాయ్ తెచ్చేదాన్ని గదా మీకు. ఇద్దరు చెవుల వైర్ పెట్టుకొని కూసునేటోళ్ళు. పిలిస్తే పలికెటోళ్ళు కాదు. అరుగు మీద పెట్టి పోయేదాన్ని. ఒక్కపారి అడిగిన, నాకు గూడ ఇనిపియ్యి అని. తన చెవిలది తీసి నా చెవిల పెట్టిండు. ఏందీ లొల్లి అని అన్న. నవ్విండు. మల్ల ఎన్నడు పెట్టలే."

"నువ్వు మల్ల అడగలే వదినా."

"అడగలే. మీరిద్దరు గట్ల కూసుంటే అడగబుద్ధి కాలే."

అలా అని నా ఎడమ పక్కన కూర్చుంది. బర్రె తోక విసిరింది, ఆమె చీర మీద పేడ చింది పడింది. తుడుచుకోలేదు. వైరు అందుకుని ఎడమ ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుంది.

"ఆయనకు అన్నిట్ల ఇష్టమైంది ఏదో అది పెట్టు."

బర్రె పాట అని చెబితే సరిపోయేది. ఆమెకు ఏం తెలుస్తుంది? అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మనిషి నా మొహంలోకి కూడా చూడడం లేదు, పాట కోసం తల వంచుకుని కూర్చుంది. చెప్పుల పాట పెట్టి కుడిది నా చెవిలో పెట్టుకున్నాను.

నా వైపు అంతా తెలిసిందే. గిటారు, గొంతు, మళ్ళీ గిటారు. ఎక్కడా ఏమీ అనిపించలేదు. వదిన మొదట మొహం చిట్లించింది. తర్వాత చిట్లింపు పోయింది. నా వైపు పాట అయిపోయింది. నా చెవిలో ఇక కొట్టం చప్పుళ్ళే ఉన్నాయి, బర్రె నెమరు, బయట ఆటో హారను. వదిన చెవిలో మాత్రం పాట నడుస్తోంది. వేలితో చెవికి అదిమి పట్టుకుంది. నోరు కొంచెం తెరుచుకుంది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, పెదవుల మీద నవ్వులాంటిది వచ్చింది. ఆ నవ్వు నేను అన్న మొహం మీద చూసేదాన్ని.

పాట నిజంగా అయిపోయాక ఆమె ఇయర్‌ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"వదినా, ఏమొచ్చింది అటు?"

"చెప్ప."

"ఏం చెప్పవ్?"

"నీకు నీ పక్కది ఉన్నది గదా. ఇన్నేండ్లు ఆయన్ని పక్కన కూసోబెట్టుకున్నవ్. గీ ముక్క నాది. నాకొక్కదానికి ఉండనియ్యి. నువ్వు దీన్ని ఎన్నడు ఇనవని నాకు ఒట్టెయ్యి."

నాకు కోపం వచ్చింది. మామూలు కోపం కాదు, కాళ్ళ నుంచి నెత్తిదాకా మండింది. ఎవరిదీ పాట? ఎవరు వెతికారు, ఎవరు విన్నారు, ఎవరు పేరు పెట్టారు? లొల్లి అన్న మనిషి ఇవాళ వచ్చి నాది అంటుందా?

"నా అన్న వదినా!" అని అరిచాను. బర్రెలు తలలెత్తి చూశాయి.

"నా మొగుడు," అంది వదిన మెల్లగా.

అంతే, నాకు ఏడుపొచ్చింది. అన్న పోయాక మొదటిసారి. గుక్క తిప్పుకోలేనంతగా ఏడ్చాను. ఆ పాట చివర ఏముందో నాకు తెలియాలి, ప్రాణం పోయేంతగా తెలియాలి. అన్న లేడని, ఇక చెప్పడని, ఇంతగా నొప్పి పుడుతుందని అప్పుడు తెలిసింది. వదిన నన్ను పట్టుకోలేదు, ఊరుకోబెట్టలేదు. ఒట్టు కోసం చెయ్యి చాపి అలాగే కూర్చుంది.

వినకపోతే అన్న నాకు చెప్పాల్సింది ఇంకా ఒకటి మిగిలే ఉంటుంది అనుకుని, ఏడుస్తూనే ఆ చేతిలో చెయ్యేసి ఒట్టు వేశాను. తర్వాత ఫోను ఆమెకు ఇచ్చేశాను.