కొత్త కవచానికి పాత గీతలు

క్లేటన్ హేవర్‌క్యాంప్ మీద అతని భార్య నోరీన్‌కు ఉన్న ఫిర్యాదుల్లో మొదటిది, అతనికి ఒక్క దురలవాటూ లేకపోవడం. తాగడు. పేకాడడు. పరాయి ఆడవాళ్ల వంక కన్నెత్తి చూడడు. చూసినా బాగుండేది, చర్చిలో నలుగురికీ చెప్పుకుని ఏడవడానికైనా పనికొచ్చేది. రిటైరైన మొగుడు గ్యారేజీలో కూర్చుని, పసిపిల్లలు దొర్లి ఆడుకునే ఫోమ్ చాపలను కోసి, వేడిగాలి పట్టించి వంచి, జిగురు పెట్టి అతికించి, కథల్లో అంతరిక్షంలో కాపలా కాసేవాడి వేషానికి కవచం చేస్తున్నాడని ఏ మొహం పెట్టుకుని చెప్పుకుంటుంది? “పోనీలే, ఇంటిపట్టునే ఉన్నాడుగా” అంటారు. ఇంటిపట్టునే ఉన్నాడు. అదే బాధ.

రెండో ఫిర్యాదు ఆవాల సాస్. కవచానికి ముందు వెండిరంగు వేస్తాడు. దాని మీద అక్కడక్కడా సాస్ అద్ది, పైన ఆకుపచ్చ రంగు కొడతాడు. ఆరాక తుడిచేస్తే సాస్ ఉన్నచోటల్లా పచ్చరంగు ఊడివచ్చి, ఏళ్ల తరబడి దెబ్బలు తిన్న లోహంలా తేలుతుంది. నోరీన్ శాండ్‌విచ్‌లోకి రావలసింది కాస్తా ఏ గ్రహానికో యుద్ధానికి పోతుంది. ఆ తరవాత నల్లరంగు నీళ్లు పూసి గుడ్డతో తుడవడం, సందుల్లో తుప్పు రంగు పట్టించడం. బట్టల మరకలు వదలగొట్టడానికి ఆమె జీవితమంతా పడ్డ పాట్లన్నీ అతనిప్పుడు మరకలు పట్టించడానికి పడుతున్నాడు.

ఇదివరకు ఈ పిచ్చికి ఇద్దరు భాగస్వాములు. రెండోవాడు వెనక వీధి రస్. వాళ్లిద్దరూ గ్యారేజీలో ఉంటే వంటింటి గోడ అవతలినుంచి నవ్వులు వినపడేవి. ఏం నవ్వులో అర్థం కాకపోయినా, ఇంట్లో మనుషులున్నారన్న ధైర్యంగా ఉండేది. మిషిగన్ మంచు తన మోకాళ్లకు పడదని రస్ అరిజోనాలో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. ఇక మొగుడు వంటింట్లోకి వచ్చి కూర్చుంటాడని నోరీన్ ఆశపడింది. రాలేదు. గ్యారేజీ తలుపు మాత్రం మూతపడింది. భోజనానికి వచ్చేవాడు, వేళ్లకు అంటిన రంగుతోనే తినేవాడు, “బాగుంది” అని లేచిపోయేవాడు. ఆమె రేడియోతో మాట్లాడడం మొదలుపెట్టింది. రేపు మంచు పడుతుందని రేడియోవాడు అంటే, “పడనీ, ఎవరికోసం ఆగాలి” అని జవాబిచ్చేది.

ఒకసారి కాఫీ కప్పు పట్టుకుని ఆ తలుపుదాకా వెళ్లింది. లోపలినుంచి చప్పుడేమీ లేదు. పిలవని పేరంటానికి వెళ్లడమెందుకని వెనక్కి వచ్చి, సింకు దగ్గర నిలబడి ఆ కాఫీ తనే తాగేసింది. ఆమెకు కావలసింది పెద్దదేమీ కాదు. “నోరీన్, ఒకసారి ఇలా రా” అని లోపలినుంచి ఒక్క కేక. ఆ కేక ఇక రాదేమో, మిగిలిన కాలమంతా ఈ గోడకు చెరోవైపు గడిచిపోతుందేమో అన్నదే ఆమె భయం.

గ్రాండ్ ర్యాపిడ్స్‌లో ఈ వేషాలవాళ్ల క్లబ్బు జాతర వచ్చింది. రాష్ట్రం నలుమూలలనుంచి కవచాలవాళ్లంతా వచ్చి ఒకరినొకరు కిందికీ మీదికీ చూసుకుంటారు. దానికి ముందురోజు మధ్యాహ్నం శాండ్‌విచ్ చేసుకోబోతే మళ్లీ సాస్ సీసా లేదు. నోరీన్‌కు ఒళ్లు మండింది. పిలుపు సంగతి మరిచిపోయి తలుపు తోసింది.

ఆకుపచ్చ కవచంలో, హెల్మెట్‌తో సహా, తుపాకీ ఒర వేలాడే నడుంపట్టీ వెనక కొక్కెం అందక, తోక పట్టుకోబోయే కుక్కపిల్లలా గుండ్రంగా తిరుగుతున్నాడు క్లేటన్.

“సాస్ ఏదీ?”

“బల్ల మీద.” గొంతు బిందెలోంచి వచ్చినట్టుంది. “కొంచెమే వాడాను.”

“కొంచెమే మిగిల్చాను అను. అటు తిరుగు.”

“నేను పెట్టుకోగలనే.”

“కనబడుతూనే ఉందిలే, మహానుభావా. తిరుగు.”

తిరిగాడు. ఆమె కొక్కెం తగిలించి ముందుకొచ్చి నిలబడింది. తీసిపారేయలేని పనే. భుజాల మీద గీతలు, మోకాళ్ల దగ్గర దుమ్ము, నిజంగా ఎక్కడో బతికి వచ్చినవాడిలాగే ఉన్నాడు. కానీ ఏదో తేడాగా తోచింది.

“మీవాడిది ఎడమచేతి వాటమా?”

“మీవాడేమిటి?”

“ఇదిగో, ఈ పచ్చ పెద్దమనిషి.”

“గని కాపలాదారు. కుడిచేతి వాటమే. తుపాకీ కుడిపక్కన వేలాడుతుంటే కనబడ్డం లేదూ?”

“మరి అరిగిందంతా ఎడమ తొడేం?”

“నీకు తెలీదులే. మా దగ్గర ప్రతి గీతకీ ఓ కారణం ఉంటుంది. ఒర రోజూ రాసుకుని, రాసుకుని, ఇదిగో ఇక్కడ...” అంటూ కుడి తొడ మీద చెయ్యి వేశాడు. అక్కడ రంగు నున్నగా, షాపునుంచి అప్పుడే దించిన ఫ్రిజ్జులా మెరుస్తోంది.

హెల్మెట్ తీశాడు. చెమటకు జుట్టు నుదుటికి అతుక్కుపోయింది. తొడ వంక చూసి, గోడకు గుచ్చిన ఫోటో లాగి చూశాడు. నోరీన్ కూడా తొంగిచూసింది. కవచం తొడుక్కుని అద్దం ముందు నిలబడి ఫోనుతో తనకు తానే తీసుకున్న ఫోటో. గీతలు పడవలసిన చోట్ల ఎర్ర పెన్సిలు గుర్తులున్నాయి.

రస్ ఉన్నప్పుడు ఒకరు తొడుక్కుంటే ఇంకొకరు ఎదురుగా నిలబడి ఫోటో తీసేవారు. అలా తీసినదాంట్లో కుడి తొడ చూసేవాళ్ల ఎడమకు వస్తుంది, స్టాండుకు తగిలించిన కవచంలో లాగే. అద్దంలో తీసుకున్నదాంట్లో చూసేవాళ్ల కుడివైపే ఉండిపోతుంది. ఇతను ఈ ఫోటో చూసుకుంటూ, స్టాండుకు ఎదురుగా కూర్చుని, వారాల తరబడి ఓపిగ్గా అన్నీ అటువి ఇటు గీశాడు. నడుంపట్టీ చివర్న తొడిగేది కనక తేడా ఇవాళ్టిదాకా తెలియలేదు. గదిలో రెండో మనిషి ఉంటే జరగని పొరపాటు. నోరీన్ నాలుక చివరిదాకా వచ్చిన హాస్యం మింగేసుకుంది.

“ఎడమచేతివాడే అని చెప్తాను,” అన్నాడు క్లేటన్.

“చెప్పు. ఏదీ, తుపాకీ తీసి చూపించు అంటారు.”

ఒర అటు తిప్పి ఎడమచేత్తో లాగాడు. తుపాకీ ఎగిరి రంగు డబ్బాలో పడింది. ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వు త్వరగానే ఆగిపోయింది.

“రేపు వెళ్లనులే,” అన్నాడు.

“నన్నొక్క కేక వేస్తే ఫోటో తీసిపెట్టేదాన్ని కాదూ?”

“నువ్వు నవ్వుతావుగా.”

“రస్ నవ్వలేదా?”

“రస్ లోపలుండి నవ్వేవాడు.”

“నేను బయటనుంచే నవ్వాలి మరి. తలుపెవరు వేశారు?”

క్లేటన్ నున్నగా ఉన్న తొడ మీద బొటనవేలితో రుద్దాడు, అక్కడేదో అరిగి రావాలన్నట్టు. నోరీన్ సాస్ సీసా అందుకుంది గాని కదల్లేదు.

“అద్దం ఉందిగా, ఇంకెవరూ అక్కర్లేదనుకున్నాను,” అన్నాడు చివరికి, ఆమె మొహంలోకి చూస్తూ. “తప్పు చేశాను, నోరీన్. నాదే తప్పు.”