నడుం బల్ల చెప్పుకున్నది

నాగావళి నది పొంగి వీధుల్లోకి వచ్చిన ఏడాది పుట్టాను. నేను ఒక నడుం బల్లని. వరదకి కూలిన బడి దూలాన్ని వడ్రంగి సన్యాసాచారి కోసి, కాళ్లు బిగించి, పైన కొబ్బరిపీచు కూరిన గోనె కొట్టాడు. వ్యాయామశాలలో బరువులెత్తేవాళ్లు నా మీద బోర్లా పడుకుంటారు. మడమలు వెనక కర్ర కింద దూరుస్తారు. తుంటి దాకా నా మీద, పై ఒళ్లు గాల్లో. తల కిందికి వంచి, నడుం బలంతో లేస్తారు. ఒళ్లు తిన్నగా అవగానే ఆగాలి. నా పని అంతే.

అంత చిన్న పని మనుషులకి ఆనదు. బిళ్లలు తగిలించిన ఇనప బారు ఎత్తితే ఈలలు పడతాయి, నడుం ఎత్తితే పడవు. అందుకని వాసానికి దారం కట్టి నా ఎదురుగా నిమ్మకాయ వేలాడదీశారు. లేచి నుదుటితో దాన్ని తాకినవాడికి మిగతావాళ్లు కోడిగుడ్డు ఇవ్వాలి. రోజూ దారం కొంచెం పైకి కట్టేవారు. నడుములు వెనక్కి విరిగేవి. గుడ్లు మాత్రం బాగా తిన్నారు.

అందరికంటే ఎక్కువ తిన్నవాడు జగ్గునాయుడు. జనపనార మిల్లులో బేళ్లు మోసే మనిషి. విశాఖపట్నంలో రైల్వేవాళ్లు బరువులెత్తేవాళ్లని ఉద్యోగాల్లోకి తీసుకుంటున్నారు. వయసు లెక్కన అతనికి అదే ఆఖరి అవకాశం.

ఎంపికకి కొద్ది రోజుల ముందు మెడ వెనక ఇనప బిళ్ల పట్టుకుని విసురుగా లేచాడు. నుదురు నిమ్మకాయకి తగిలింది. కిందికి వాలాడు గాని మళ్లీ లేవలేదు. నలుగురు కలిసి మా ఇద్దర్నీ విడదీశారు.

నేర్పే పైడిరాజు మాష్టారు వచ్చారు.

"ఒరే, నీకు గుడ్డు కావాలా, నడుం కావాలా?"

"రెండూను, మాష్టారూ."

"గుడ్డు తినీసినావు కదా. ఇంటికెల్లి తొంగో."

మాష్టారు నిమ్మకాయ తెంపి మజ్జిగలో పిండుకుని తాగారు.

విశాఖపట్నం ప్రయాణానికి ముందు సాయంత్రం జగ్గునాయుడు నడుంకి భార్య చీర బిగించి కట్టుకుని వచ్చాడు. భార్య అప్పలనరసమ్మ వెనకే వచ్చింది.

"రేపు నానూ బస్సెక్కుతాను, మాష్టారూ," అన్నాడతను.

"ముందు వొంగి ఆ జోళ్లు తియ్యి."

సగం వంగి ఆగిపోయాడు.

"ఒక్క రోజు ఓర్సుకుంటే ఉజ్జోగం, మాష్టారూ."

"ఉజ్జోగం వొచ్చినాక నిన్నెవులు మోత్తారు?" అంది అప్పలనరసమ్మ. "నానా మొయ్యాలి, రైలా?"

మాష్టారు నవ్వారు. జగ్గునాయుడు నవ్వలేదు. వచ్చి నా మీద కూర్చున్నాడు. తర్వాత చీర విప్పి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇంద. నీ సీర."

మర్నాడు తెల్లారగానే మాష్టారు మిగతావాళ్లని తీసుకుని బస్సెక్కారు. బస్సు మోత వినిపించినంతసేపూ జగ్గునాయుడు గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి వచ్చి, బిళ్లలేవీ ముట్టుకోకుండా, నా మీద బోర్లా పడుకున్నాడు. చేతులు గుండెల మీద కట్టుకుని కొంచెం లేచాడు. నొప్పి మొదలవగానే ఆగాడు. ఒళ్లు తిన్నగా అవడానికి ఇంకా చాలా ఉంది. దిగాడు. ఊపిరి తీసుకుని, మెల్లగా మళ్లీ లేచాడు.