మూసేశాక ఏది కనిపించాలి

ఆఫీసులో ఆయన్ని అందరూ "చూద్దాం గారు" అనేవాళ్లు. సొంత పేరు హాజరు పట్టీలో భద్రంగా ఉండేది గానీ, వాడకం లేక దానికి బూజు పట్టింది. ఎవరు వచ్చి ఏం అడిగినా తల పైకెత్తకుండా "చూద్దాం" అనడం ఆయన అలవాటు. ఆ మాటకు అర్థం "లేదు" అని కొత్తగా చేరినవాళ్లకి తెలియడానికి నెల పట్టేది.

వస్తువుతో పాటు డబ్బాలో మడిచిపెట్టే కాగితాలు తయారుచేసే ఆఫీసు అది. ఇస్త్రీపెట్టె ఎలా వాడాలి, దగ్గుమందు ఎన్ని చెంచాలు పట్టాలి, గొడుగు ఎటునుంచి మడవాలి. కొన్నవాళ్లు ఆ కాగితాలు చదవరు. కాకపోతే అందులో ఒక్క తప్పు దొర్లనివ్వండి, చదివేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో పుట్టుకొస్తారు.

ఆ కాగితాలన్నీ రాసేదీ దిద్దేదీ కంప్యూటరులో, ఎడిటరు అనే ఒక ప్రోగ్రాములో. తొమ్మిదేళ్ల కిందట చూద్దాం గారే దాన్ని ఒంటిచేత్తో రాశాడు. ఆయన భాషలో అందులో తెరిచినవి బఫర్లు, మిగతావాళ్ల భాషలో ఫైళ్లు. ఒక ఫైలు మూసేస్తే తెర మీదికి వేరేది ఏదో ఒకటి రావాలి కదా. ఏది రావాలన్నదానికి ఆయన అప్పట్లో తోచిన పద్ధతి పెట్టేశాడు: తెరిచిన వరసలో దీని పక్కన ఏదుంటే అది. అప్పుడు ఆఫీసులో ఎవరూ రెండు ఫైళ్లకు మించి తెరిచేవాళ్లు కాదు. రెండే ఉన్నప్పుడు ఒకటి మూస్తే రెండోది రాక చస్తుందా?

ఇప్పుడు ప్రూఫులు దిద్దే అక్కయ్య ముందు ఎప్పుడు చూసినా ఇరవై ఫైళ్లు తెరిచి ఉంటాయి. అక్కయ్య అంటే ఎవరికీ సొంత అక్క కాదు, మేనేజరుకి తప్ప అందరికీ అక్కే. ఆవిడ ఏదో మాట సరిచూసుకోవడానికి ఒక ఫైలు తెరిచి, చూసి, మూసేసేది. వెంటనే అంతకుముందు తను దిద్దుతున్న కాగితం రావాలి. వచ్చేది మాత్రం పొద్దున్నెప్పుడో తెరిచి మర్చిపోయిన గొడుగు.

"పక్కది కాదు నాయనా, ఇందాక నేను చూస్తున్నది రావాలి," అని ఆవిడ చెప్పేది.

"చూద్దాం అక్కా."

ఇలా ఆరేళ్లు గడిచాయి. ఒక మంగళవారం పసిపిల్లల దగ్గుమందు కంపెనీ మోతాదు మార్చమని కబురు పెట్టింది. రెండు చెంచాలు కాదు, అర చెంచా. అక్కయ్య ఆ కాగితం తెరిచింది, పొద్దున్నే తెరిచిపెట్టుకున్న మాటల పట్టికలోకి వెళ్లి ఏదో సరిచూసింది, పట్టిక మూసేసింది. తెర మీద "మోతాదు" అనే వరస కనిపించింది. అక్కడున్నది కొట్టేసి "రోజుకు అర చెంచా" అని దిద్ది పంపించేసింది. ఆఫీసు కాగితాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి మరి. ఆవిడ దిద్దింది గుర్రాలకు పట్టే నులిపురుగుల మందు కాగితం.

అదృష్టం బాగుండి అచ్చుకి వెళ్లకముందే గుర్రాల మందు కంపెనీ పశువుల డాక్టరు చూశాడు. ఫోన్ చేసి మేనేజరుని ఒకటే అడిగాడు: "మీ వైపు గుర్రాలు పిచ్చుకలంతే ఉంటాయాండీ?"

మేనేజరుని ఆఫీసంతా చాటుగా పులి అనేది. ఆ రోజు అందరినీ గదిలోకి పిలిచి, పేరు నిలబెట్టుకున్నాడు. అరుపులన్నీ అక్కయ్య మీదే. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు ఆవిడ సంచీలోంచి చిన్న నోటుపుస్తకం తీసి బల్ల మీద పెట్టింది.

"ఈ సంగతి పదకొండుసార్లు చెప్పాను సార్. ఏ తేదీన చెప్పానో రాసుకున్నాను. పక్కన జవాబు కూడా రాశాను. పదకొండూ ఒకే జవాబు కాబట్టి చివర్లో చుక్కలు పెట్టి వదిలేశాను."

గదిలో అందరి కళ్లూ ఒకేసారి చూద్దాం గారి వైపు తిరిగాయి. ఆ చుక్కలే ఆయన్ని ఎక్కువ కుట్టాయి.

"ఇంకెప్పుడయ్యా చూసేది? గుర్రాలు పోయాకా?" అన్నాడు పులి.

ఇంటికెళ్లి భార్యకి చెప్పాడు, తన తప్పు కొంచెం చిన్నది చేసి. ఆవిడ లైబ్రరీలో పనిచేస్తుంది. చేతిలో చొక్కా మడతపెడుతూ వింది.

"పుస్తకం చదువుతున్న మనిషి, ఒక మాట చూసుకుందామని నా దగ్గర నిఘంటువు తీసుకుని తిరిగిచ్చాడనుకోండి. తన పుస్తకం తను చదువుకుంటాడు. నేను పరిగెత్తుకెళ్లి బీరువాలో నిఘంటువు పక్కనున్న పుస్తకం తెచ్చి ఒళ్లో పెడతానా?"

"పెట్టవు."

"ఆరేళ్లు పెట్టారు మీరు," అని చొక్కా బీరువాలో సర్దేసింది.

మర్నాడు ఆయన తన కుర్చీ తోసుకుంటూ వెళ్లి అక్కయ్య పక్కన వేసుకున్నాడు. తన ఎడిటరుని వాడుతున్న మనిషి పక్కన కూర్చోవడం తొమ్మిదేళ్లలో అదే మొదటిసారి. ఆవిడ తెర అంచు చుట్టూ రంగురంగుల చీటీలు అంటించి ఉన్నాయి, ఏ ఫైలు తర్వాత ఏది దిద్దుతోందో గుర్తుకి. మధ్యాహ్నం లోపల ఆ ఎడిటరు ఆవిడని నలభై మూడుసార్లు తప్పు చోట దించింది. ఆవిడ నలభై మూడుసార్లూ విసుక్కోకుండా వెనక్కి వెళ్లింది. గుంతల రోడ్డు మీద రోజూ నడిచేవాళ్లకి గుంతలు కనపడవు. ఆయనకి మాత్రం ప్రతి గుంతలోనూ కాలు మడతపడ్డట్టే ఉంది.

చేయాల్సింది ఏమంత పెద్ద పని కాదు. ఏ ఫైలుని ఎప్పుడు చూశారో గుర్తుపెట్టుకుని, ఒకటి మూయగానే దానికి ముందు చూసినది చూపించాలి. రాశాడు. సాయంత్రం అక్కయ్య తెరని రెండు సగాలు చేసుకుని పనిచేస్తూ ఎడమ పక్కది మూసింది. కుడి పక్క ఉన్న కాగితమే ఎడమ పక్కా వచ్చి కూర్చుంది.

"కవలపిల్లల్లా రెండు పక్కలా ఒకటే ఎందుకు నాయనా? ఇది నా కళ్ల ముందే ఉందిగా," అంది అక్కయ్య.

పక్క సగంలో కనబడుతున్నదాన్ని వదిలేసి దాని తర్వాతిది చూపేలా మార్చాడు. మర్నాడు మరో చిక్కు. ఒక మాట అన్ని ఫైళ్లలో వెతికితే, ఎడిటరు అన్నింటినీ తిరగేసి అన్నీ "ఇప్పుడే చూసినవి" అని లెక్కేసుకుంటోంది. యంత్రం చూడటం వేరు, మనిషి చూడటం వేరు అని దానికి నేర్పడానికి రెండు రోజులు పట్టింది. చివరికి లెక్క తేలితే కొత్తగా రాసింది పదకొండు వరసలు.

అక్కయ్య ఒక ఫైలు మూసింది. సరైనదే వచ్చింది. అనుమానంగా ఇంకోటి మూసింది. అదీ సరైనదే. కళ్లజోడు తీసి తుడుచుకుని మూడోది మూసింది.

"ఊఁ," అంది.

ఆ ఊఁకి చూద్దాం గారు ఆ వారమంతా ఈల వేసుకుంటూ తిరిగాడు.

"నా స్వీయ పర్యవేక్షణలో లోపం సవరించబడింది" అని మేనేజరు నోటీసు అంటించాడు. పనిచేసేదొకరు, పేరొకరిది, ఇది ఏ ఆఫీసులోనైనా ఉండేదే. అంతటితో ఆగకుండా గుర్రాల మందు కంపెనీవాళ్లని పిలిపించాడు. పశువుల డాక్టరూ, ఆయన పై అధికారిణీ వచ్చారు. గోడ మీద పెద్ద తెర, దాని ముందు అక్కయ్యతో సహా ఆఫీసంతా. చూద్దాం గారు నేను చూపిస్తానంటే, "నువ్వు పక్కన నిలబడు, నేను చూపిస్తా" అని మేనేజరే తన కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

"చూడండి. గుర్రాల కాగితం తెరిచాను. ఇప్పుడు మూసేస్తున్నాను. ఇంతకుముందు నేను దేని మీద పనిచేస్తున్నానో, అది వస్తుంది."

వచ్చింది. గోడంత అక్షరాలతో వచ్చింది. పైన ఫైలు పేరు: "క్షమాపణ 14".

"ఆ రోజు నీ మీద అరిచినందుకు క్షమించు. కానీ నువ్వు కూడా మా అమ్మ ముందు ఆ మాట అనకుండా ఉండాల్సింది. నువ్వు పుట్టింటికి వెళ్లి పన్నెండు రోజులైంది. స్టవ్ వెలిగించడం తెలియక దాని కాగితం వెతికి చదివాను. మా ఆఫీసు రాసిందే. ఏమీ అర్థం కాలేదు."

మేనేజరు గబుక్కున మూసేశాడు. "క్షమాపణ 13" వచ్చింది. అందులో "కానీ"లు రెండు. అదీ మూసేశాడు. "క్షమాపణ 12". ఆయన మూసేకొద్దీ ఒక్కొక్కటే వస్తోంది, క్షమాపణ తగ్గుతూ, గొంతు పెరుగుతూ. చివరికి "క్షమాపణ 1" వచ్చి నిలిచింది. అందులో ఒకటే వాక్యం: "వెంటనే బయల్దేరి రా."

చూద్దాం గారు మెల్లగా తలుపు వైపు జరిగాడు. అదే సమయంలో, ఒప్పుకోకూడదు గానీ, గుండె ఉప్పొంగింది కూడా. పద్నాలుగు ఫైళ్లు, ఒక్కటి కూడా వరస తప్పలేదు.

అక్కయ్యకి తప్పు కనిపిస్తే నోరు ఆగదు. ముప్ఫై ఏళ్ల వృత్తి.

"సార్, పద్నాలుగోది బాగుంది. ఆ 'కానీ' దగ్గర్నుంచి ఫుల్‌స్టాప్ దాకా తీసేయండి. కానీ ఉంటే అది క్షమాపణ కాదు, నోటీసు."

పశువుల డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "స్టవ్ సంగతి కూడా చివరికి జరపండి. లేకపోతే వంట కోసం పిలుస్తున్నారనుకుంటారు."

ఆయన పై అధికారిణి లేచి నిలబడి సంచీ సర్దుకుంది. "మీ ఎడిటరు చాలా బాగా పనిచేస్తోందండీ. మా కాగితాలు మీకే ఇస్తాం," అంది. తలుపు దాటాక గానీ ఆవిడ నవ్వు వినబడలేదు.

గంట తర్వాత మేనేజరు చూద్దాం గారిని లోపలికి పిలిచాడు. "పాతదే పెట్టెయ్."

ఆయన నోట్లోకి ఎప్పటి మాటే రాబోయింది. దాన్ని మింగేశాడు. "పెట్టను సార్. అక్కకి రోజుకి ఎనభైసార్లు దారి తప్పుతుంది."

"మరి నా సంగతి?"

"మీకు కావాలంటే, మూయగానే ఖాళీ కాగితం వచ్చేలా ఒక ఏర్పాటు చేస్తాను. ఎవరికి ఏది కావాలో వాళ్లు ఎంచుకోవచ్చు."

ఆ ఏర్పాటు పెట్టిన వారానికల్లా ఆఫీసులో అందరూ ఖాళీ కాగితమే ఎంచుకున్నారు. ఎవరిని కదిలించినా "ఊరికే, కళ్లకి హాయిగా ఉంటుందని" అన్నారు. ఆరేళ్లు ఏడిపించిన ఎడిటరుని బాగుచేస్తే, ఆ బాగు అనుభవించింది ఒక్క అక్కయ్య.

ఉత్తరం సంగతంటారా, మేనేజరు "కానీ" తీసేసి, స్టవ్‌ని కిందికి జరిపి, భార్యకి పంపాడు. రెండో రోజు జవాబు వచ్చింది: "ఇది మీరు రాసింది కాదు. ఎవరు దిద్దారో చెప్పండి, వస్తాను." ఆయన జరిగిందంతా చెప్పుకున్నాడు. అబద్ధం ఆడటానికి సాక్షులు మరీ ఎక్కువమంది.

ఆవిడ ఇంటికి కాకుండా తిన్నగా ఆఫీసుకే వచ్చింది. అక్కయ్యకి నమస్కారం పెట్టి, చూద్దాం గారి వైపు తిరిగి, "మిగతా పదమూడు కూడా చూడాలి, తెరిచిపెట్టండి" అంది. మేనేజరు గుమ్మంలో తప్పుచేసిన పిల్లాడిలా నిలబడ్డాడు. చూద్దాం గారు అన్నీ తెరిచి కుర్చీ ఇచ్చాడు. ఆవిడ తీరుబడిగా ఒక్కోటీ చదివి మూస్తూ పోయింది. పదమూడు దగ్గర నవ్వింది. తొమ్మిది దగ్గర "అబ్బో" అంది. ఒకటోది చదివి, "ఇదొక్కటే మా ఆయన సొంతం," అంది.

తర్వాత ఇద్దరూ మెట్లు దిగి వెళ్లారు. ఆవిడ సంచీ ఆయన చేతిలో ఉంది. వీధి మలుపు దాకా, స్టవ్ పాడైందా, లేక ఆయనకి వెలిగించడం రాలేదా అని వాదించుకుంటూనే ఉన్నారు.